విశ్వవిద్యాలయ లైబ్రరీ సొంతంగా ఓపెన్ యాక్సెస్ జర్నల్ నడపాలంటే ఏ దారి మంచిది?

2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ జాబితాను, అంటే తాను గుర్తించిన జర్నళ్ల జాబితాను, ఎత్తేసింది. ఏ జర్నల్‌ను లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని తీసుకోకూడదో ఇప్పుడు విశ్వవిద్యాలయాలే తేల్చుకోవాలి. దాంతో ఇన్నాళ్లూ అచ్చులో వంద కాపీలు వేసి బీరువాలో పెట్టుకున్న డిపార్ట్‌మెంట్ జర్నళ్లకు కొత్త అవసరం పుట్టింది. అవి నెట్‌లో కనిపించాలి, అందరూ ఉచితంగా చదవగలగాలి (ఓపెన్ యాక్సెస్ అంటే ఇదే), పీర్ రివ్యూ, అంటే అదే రంగం నిపుణుల సమీక్ష, ఎలా జరుగుతోందో బయటివాళ్లకు తెలియాలి. "ఈ పని లైబ్రరీ చూసుకుంటుందా?" అని ప్రొఫెసర్లు లైబ్రేరియన్ల దగ్గరికి వస్తున్నారు.

లైబ్రరీ చూసుకోవాలనే నేనంటాను. జర్నళ్లు చదవడానికి మనం పెడుతున్న డబ్బు చిన్నది కాదు. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు కేటాయించింది 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దగ్గరున్న సుమారు 13 వేల జర్నళ్లు ఆ డబ్బుతో మనకు అందుతున్నాయి. మంచిదే, అవి కావాలి కూడా. కానీ మన పరిశోధనను మనమే ప్రచురించుకుని ప్రపంచానికి ఉచితంగా ఇవ్వడానికి అయ్యే ఖర్చు దీని ముందు ఎంత? ఒక మామూలు సర్వర్, కొంత సభ్యత్వ రుసుము, బాధ్యత తీసుకునే ఒక మనిషి. డబ్బు కంటే ఆ మనిషిని సంపాదించడమే కష్టం. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చ మొదలుపెట్టే ముందు, ఐదో ఏడాదిలో దాన్ని చూసుకునేది ఎవరో చెప్పగలగాలి. ఈ వ్యాసంలో ప్రతి దారినీ ఆ ప్రశ్న దగ్గరే నిలబెట్టి చూస్తాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మనిషి. పర్మినెంట్ ఉద్యోగా, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగా, లేక ఉత్సాహం మీద పనిచేస్తున్న ఒక రీసెర్చ్ స్కాలరా? స్కాలర్ పీహెచ్‌డీ అయ్యాక వెళ్లిపోతాడు. పాస్‌వర్డులు కూడా అతనితోనే వెళ్లిపోతాయి. సర్వర్ చూసే పని, సంపాదకుడికి సాయం చేసే పని వేర్వేరు. రెండూ ఒకరి మీదే వేస్తే రెండూ సగంలో ఆగుతాయి.

చిరునామా. జర్నల్ సైటు విశ్వవిద్యాలయం ఏసీ డాట్ ఇన్ డొమైన్ కింద సబ్‌డొమైన్‌గా ఉండాలి. ఇందులో రాజీ వద్దు. సంపాదకుడు సొంత డబ్బుతో కొన్న డాట్ కామ్ మీద నడిచిన జర్నల్‌ను ఒకదాన్ని దగ్గరగా చూశాను. ఆయన రిటైరయ్యాక రెన్యువల్ చేసేవాళ్లు లేక డొమైన్ గడువు తీరిపోయింది. కొన్నాళ్లకు ఆ పేరును వేరెవరో కొనుక్కున్నారు. పాత వ్యాసాల లింకులు నొక్కితే ఇప్పుడు ఏవో ప్రకటనలు వస్తాయి.

పీర్ రివ్యూ నడిచే పద్ధతి. వ్యాసం రావడం, సమీక్షకులకు పంపడం, గుర్తుచేయడం, సవరణలు, నిర్ణయం ఇవన్నీ ఒకచోట నమోదు కావాలా, ఈమెయిల్ మీద నడిస్తే చాలా? ఏడాదికి పది వ్యాసాలొచ్చే జర్నల్‌కు ఈమెయిల్ సరిపోతుందనిపిస్తుంది. అయితే సంపాదకుడు మారిన రోజున ఏ వ్యాసం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

బయట కనిపించడం. గూగుల్ స్కాలర్, డీఓఏజే (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ), క్రాస్‌రెఫ్ (వ్యాసాలకు శాశ్వత సంఖ్యలు నమోదుచేసే సంస్థ) వంటివి పట్టుకోగలిగేలా ప్రతి వ్యాసానికీ విడి పేజీ, సరైన మెటాడేటా (రచయిత, శీర్షిక, ఏడాది వంటి వివరాలు) ఉండాలి. సంచిక మొత్తాన్ని ఒకే పీడీఎఫ్‌గా పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. డీఓఏజే దాన్ని ఒప్పుకోదు. వ్యాసానికో చిరునామా కావాల్సిందే.

నిలవడం. 2000 నుంచి 2019 మధ్య 170కి పైగా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని ఒక అధ్యయనం లెక్కతేల్చింది. బ్యాకప్ అంటే అదే సర్వర్‌లో ఇంకో ఫోల్డర్ కాదు. బయట, వేరే సంస్థ దగ్గర కాపీ ఉండాలి.

భాష. తెలుగులో వ్యాసాలు వేసే జర్నల్‌కు ఇదే పెద్ద పరీక్ష. దీని గురించి కింద విడిగా రాశాను.

## మొదటి దారి: సొంత సర్వర్ మీద ఓజేఎస్

ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌ను అందరూ ఓజేఎస్ అంటారు. కెనడాలో జాన్ విలిన్‌స్కీ 1998లో మొదలుపెట్టిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ దీన్ని తయారుచేసింది. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ లైబ్రరీ ఆ పనిలో ముఖ్య భాగస్వామి. అంటే ఒక లైబ్రరీ అండతో, లైబ్రరీల అవసరం తెలిసి పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్స్ ఫీజు లేదు. 2020 నాటి లెక్కలోనే ప్రపంచవ్యాప్తంగా 25 వేలకు పైగా జర్నళ్లు దీన్ని వాడుతున్నాయి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ లైబ్రరీ, దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ లైబ్రరీ ఇలాగే తమ అధ్యాపకుల జర్నళ్లను ప్రచురిస్తున్నాయి. ఒక ఇన్‌స్టాలేషన్ మీద ఎన్ని జర్నళ్లైనా నడపవచ్చు. తెలుగు శాఖకొకటి, వాణిజ్య శాఖకొకటి, జంతుశాస్త్రానికొకటి అని విడివిడిగా సైట్లు అక్కర్లేదు.

పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లు ఒకరుంటే ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పని కాదు. వ్యాసం సమర్పణ నుంచి ప్రచురణ దాకా అన్ని మెట్లూ అందులోనే ఉంటాయి. గూగుల్ స్కాలర్‌కు కావాల్సిన ట్యాగులు తనే వేస్తుంది. డీఓఐ (వ్యాసానికి శాశ్వత గుర్తింపు సంఖ్య) నమోదు, ఓర్కిడ్ (రచయితకు గుర్తింపు సంఖ్య), ఓఏఐ హార్వెస్టింగ్ (బయటి సైట్లు మన మెటాడేటాను తీసుకునే ఏర్పాటు) అన్నీ ఉన్నాయి.

ఇబ్బంది తర్వాత వస్తుంది. ఇన్‌స్టాల్ చేసి మూడేళ్లు అప్‌గ్రేడ్ చేయకుండా వదిలేసిన ఓజేఎస్ సైట్లంటే హ్యాకర్లకు బాగా ఇష్టం. విద్యాసంస్థ డొమైన్‌కు గూగుల్ దగ్గర విలువ ఎక్కువ కాబట్టి, జూదం సైట్ల వాళ్లు రచయితలుగా రిజిస్టరై ఏవేవో ఫైళ్లు ఎక్కించి వాటికి లింకులు పంచుతుంటారు. దీనికి విరుగుడు తెలిసిందే, చేసేవాళ్లు కావాలి. అప్‌లోడ్ అయిన ఫైళ్లు దాచే ఫోల్డర్‌ను వెబ్ ఫోల్డర్ బయట పెట్టాలి. రిజిస్ట్రేషన్ పేజీకి క్యాప్చా, ఈమెయిల్ ధ్రువీకరణ రెండూ పెట్టాలి. లేకపోతే యూజర్ల జాబితాలో బాట్‌ల పేర్లు వేలల్లో చేరి, అసలు సమీక్షకుడిని వెతుక్కోవడమే టెన్షన్ అవుతుంది. సర్వర్ నుంచి వెళ్లే మెయిళ్లకు, అవి నిజంగా మనవేనని రుజువుచేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిగ్గా లేకపోతే సమీక్షకుడికి పంపిన ఆహ్వానం స్పామ్‌లో పడుతుంది. ఆయన మెయిల్ చూడనే లేదు, మనమేమో జవాబివ్వలేదని అనుకుంటాం. చాలాచోట్ల సమీక్షలు ఆలస్యం కావడానికి ఇదీ ఒక కారణం.

లాంగ్ టర్మ్ సపోర్ట్ ఉన్న (ఎక్కువకాలం మరమ్మతులు అందే) వెర్షన్‌నే పట్టుకుని ఉండండి. కొత్త వెర్షన్ వచ్చిన వారమే మారిపోవాల్సిన పనిలేదు. అప్‌గ్రేడ్‌కు ముందు డేటాబేస్, ఫైళ్ల ఫోల్డర్, కాన్ఫిగరేషన్ ఫైలు మూడింటినీ కాపీ తీసి, ఇంకో చోట ఒకసారి ప్రయోగించి చూడాలి. ఈ ఒక్క వాక్యానికి మీ కంప్యూటర్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా హామీ దొరికితే ఈ దారిలో ధైర్యంగా వెళ్లొచ్చు. దొరకకపోతే రెండో దారి చూడండి.

## రెండో దారి: డబ్బు కట్టి హోస్టింగ్ తీసుకోవడం

సాఫ్ట్‌వేర్ అదే ఓజేఎస్, చూసుకునేది వేరేవాళ్లు. పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టే ఈ సేవ అమ్ముతుంది. ఆ డబ్బు సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి తిరిగి వెళుతుంది. మన దేశంలోనూ ఓజేఎస్ హోస్టింగ్ చేసే చిన్న కంపెనీలు ఉన్నాయి. మరోవైపు స్కాలాస్టికా, డిజిటల్ కామన్స్ లాంటి సొంత సాఫ్ట్‌వేర్ల మీద నడిచే సేవలున్నాయి.

అప్‌గ్రేడ్ల గొడవ ఉండదు, రాత్రి సర్వర్ పడిపోతే మీకు ఫోన్ రాదు. బదులుగా ఏటా డాలర్లలో బిల్లు వస్తుంది. స్టేట్ యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో విదేశీ చెల్లింపు ఫైలు ఎన్ని టేబుళ్లు తిరుగుతుందో లైబ్రేరియన్లకు చెప్పక్కర్లేదు. గడువులోగా డబ్బు వెళ్లకపోతే జర్నల్ ఆగిపోతుంది. అందుకే రూపాయల్లో, జీఎస్‌టీ ఇన్‌వాయిస్‌తో, మూడేళ్ల ఏఎంసీ లాగా ఒప్పందం చేసుకునే వీలుంటే ఆ దారే మేలు.

ఒప్పందంలో తప్పక ఉండాల్సిన మాట ఒకటుంది: మేం వెళ్లిపోవాలనుకుంటే డేటాబేస్, ఫైళ్లు మొత్తం మాకు అప్పగించాలి. ఓజేఎస్ హోస్టింగ్ అయితే ఆ డేటాను ఇంకో ఓజేఎస్‌లోకి దాదాపు యథాతథంగా మార్చుకోవచ్చు. సొంత సాఫ్ట్‌వేర్ సేవల్లో అంత సులువు కాదు. 2017లో పెద్ద వాణిజ్య ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ బెప్రెస్ కంపెనీని కొన్నప్పుడు, దాని డిజిటల్ కామన్స్ వాడుతున్న అమెరికన్ లైబ్రరీలు ఉన్నట్టుండి ఇబ్బందిలో పడ్డాయి. వాణిజ్య ప్రచురణకర్తలకు ప్రత్యామ్నాయంగా కట్టుకున్న ఇల్లు వాళ్ల చేతికే వెళ్లింది. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా లైబ్రరీలు అక్కడి నుంచి బయటపడే ప్రయత్నం మొదలుపెట్టామని బహిరంగంగానే ప్రకటించాయి. డిజిటల్ కామన్స్ పనితనంలో లోపం లేదు. తాళం ఎవరి దగ్గరుంది అన్నదే అక్కడ సమస్య.

## మూడో దారి: జేన్‌వే

లండన్‌లోని బర్క్‌బెక్ కాలేజీలో తయారై 2017లో విడుదలైన సాఫ్ట్‌వేర్ ఇది. ఇదీ ఉచితమే. మానవీయ శాస్త్రాల జర్నళ్లు ప్రచురించే ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ దీని మీదే నడుస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణ వేదిక ఈస్కాలర్‌షిప్ కూడా తన జర్నళ్లకు దీన్ని ఎంచుకుంది. చూడ్డానికి ఓజేఎస్ కంటే శుభ్రంగా ఉంటుంది, ఎక్స్‌ఎమ్‌ఎల్ వ్యాసాలను చక్కగా చూపిస్తుంది.

పైథాన్, జాంగో తెలిసినవాళ్లు మీ దగ్గరుంటేనే దీని గురించి ఆలోచించండి. మన దగ్గర ఓజేఎస్ వాడే లైబ్రరీలు చాలా ఉన్నాయి, చిక్కొస్తే పక్క విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి అడగొచ్చు. జేన్‌వేకి ఆ సౌకర్యం ఇంకా రాలేదు.

## నాలుగో దారి: ఉన్న డీస్పేస్‌లోనే పెట్టడం

ఎమ్‌ఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేసిన డీస్పేస్ అనే రిపాజిటరీ (డిజిటల్ భాండాగారం) సాఫ్ట్‌వేర్ చాలా విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికే ఉంది. ప్రశ్నపత్రాలు, థీసిస్‌లు, అధ్యాపకుల వ్యాసాలు అందులో ఉంటాయి. "కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకు, జర్నల్ కూడా అందులోనే పెడదాం" అనే ఆలోచన సహజంగా వస్తుంది.

పాత సంచికలకు ఇది మంచి ఆలోచన. ఢిల్లీలోని సైన్స్ సమాచార సంస్థ నిస్కెయిర్, అంటే ఇప్పటి నిస్పర్, తన జర్నళ్ల వ్యాసాలను ఎన్‌ఓపీఆర్ అనే రిపాజిటరీలో డీస్పేస్ మీదే ఉచితంగా అందించింది. 1970ల నుంచి అచ్చులో ఉన్న మీ జర్నల్‌ను స్కాన్ చేసి, వ్యాసాలుగా విడగొట్టి, ఒక్కోదానికి రచయిత, శీర్షిక, ఏడాది ఇచ్చి డీస్పేస్‌లో పెడితే గూగుల్ స్కాలర్‌కు దొరుకుతుంది.

కొత్త సంచికలకు మాత్రం చాలదు. పీర్ రివ్యూ నడిపే ఏర్పాటు అందులో లేదు. డీస్పేస్‌లో 'సమీక్ష' అని కనిపించేది, రిపాజిటరీలో ఫైలును అనుమతించాలా వద్దా అన్న పరిశీలన మాత్రమే. ఇద్దరు సమీక్షకులు, పేర్లు దాచడం, రెండో విడత సవరణ వంటివి చేయలేం.

దీనికి ఇంకో రూపం ఓవర్‌లే జర్నల్. వ్యాసం arXiv (ఆర్కైవ్) లాంటి ప్రీప్రింట్ రిపాజిటరీలోనే, అంటే సమీక్షకు ముందే వ్యాసాలు పెట్టుకునే చోటే ఉంటుంది, జర్నల్ దాన్ని సమీక్షించి ఆమోదముద్ర వేస్తుంది. గణితవేత్త టిమొతీ గవర్స్ 2016లో మొదలుపెట్టిన డిస్క్రీట్ అనాలిసిస్ ఇలాంటిదే. ఫ్రాన్స్‌లో ఎపిసైన్సెస్ అనే వేదిక ఈ పద్ధతిలో పలు జర్నళ్లు నడుపుతోంది. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ శాఖలు ప్రీప్రింట్‌కు అలవాటుపడ్డాయి కాబట్టి వాళ్లకు ఇది నప్పుతుంది. తెలుగు, చరిత్ర, విద్య, న్యాయశాస్త్రం వాళ్లకు ఆ అలవాటు లేదు. అక్కడ బలవంతంగా తీసుకురావద్దు.

## ఐదో దారి: బయటి ప్రచురణకర్తకు అప్పగించడం

పెద్ద కంపెనీ అయితే పేరు, కాపీ ఎడిటింగ్, ఇండెక్సింగ్ అన్నీ వాళ్లే చూస్తారు. కానీ ఓపెన్ యాక్సెస్ అయితే రచయిత దగ్గర ఏపీసీ (వ్యాస ప్రచురణ రుసుము) పేరుతో వసూలు చేస్తారు, లేదంటే విశ్వవిద్యాలయం కట్టాలి. మన స్కాలర్లు తమ స్టైపెండ్‌లోంచి ఆ డబ్బు కట్టాల్సి వస్తే ఈ ప్రయత్నానికే అర్థం లేదు.

అంతకంటే పెద్ద విషయం జర్నల్ పేరు ఎవరిదన్నది. 2015లో ఎల్సెవియర్ ప్రచురించే లింగ్వా అనే భాషాశాస్త్ర జర్నల్ సంపాదకవర్గం మొత్తం రాజీనామా చేసింది. ధర, ఓపెన్ యాక్సెస్ మీద వాళ్లడిగిన షరతులకు కంపెనీ ఒప్పుకోలేదు. వాళ్లు గ్లోసా పేరుతో కొత్త జర్నల్ పెట్టుకున్నారు. లింగ్వా అనే పేరు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. మీ విశ్వవిద్యాలయం పేరు మోసే జర్నల్ అలా చేజారకుండా, పేరు హక్కు విశ్వవిద్యాలయానిదేనని ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవాలి.

ఇక "మీ జర్నల్‌కు సైటు చేసి, ఐఎస్‌ఎస్‌ఎన్ ఇప్పించి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకించారో చెప్పే కొలత) కూడా తెప్పిస్తాం" అని ఫోన్ చేసే సంస్థలున్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఐఎస్‌ఎస్‌ఎన్ మన దేశంలో నిస్పర్ ఆధ్వర్యంలోని జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది. అది జర్నల్‌కు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఏటా ఖర్చు | సాంకేతిక సిబ్బంది | పీర్ రివ్యూ ఏర్పాటు | వదిలి రావడం | ఎవరికి |
|---|---|---|---|---|---|
| సొంత ఓజేఎస్ | సర్వర్, ఒకరి సమయం | తప్పనిసరి | పూర్తిగా ఉంది | సులువు | కంప్యూటర్ సెంటర్ అండ ఉన్న విశ్వవిద్యాలయం |
| హోస్టింగ్ ఓజేఎస్ | ఏటా బిల్లు | అక్కర్లేదు | పూర్తిగా ఉంది | ఒప్పందం సరిగ్గా ఉంటే సులువు | సిబ్బంది తక్కువ, బడ్జెట్ హెడ్ ఉన్నచోట |
| కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్ సేవలు | ఎక్కువ | అక్కర్లేదు | పూర్తిగా ఉంది | కష్టం | మన దగ్గర అరుదుగా |
| జేన్‌వే | సర్వర్, ఒకరి సమయం | పైథాన్ తెలిసినవాళ్లు | పూర్తిగా ఉంది | ఫర్వాలేదు | టెక్నికల్ బృందం ఉన్న సంస్థలు |
| డీస్పేస్ | దాదాపు అదనపు ఖర్చు లేదు | ఉన్నవాళ్లే చాలు | లేదు | సులువు | పాత సంచికల ఆర్కైవ్‌కు |
| బయటి ప్రచురణకర్త | ఏపీసీ లేదా ఒప్పంద రుసుము | అక్కర్లేదు | ఉంది | పేరు చేజారే ప్రమాదం | పాఠకులు ఇప్పటికే ఉన్న పెద్ద జర్నల్ |

## తెలుగు జర్నల్ అయితే

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పీడీఎఫ్ అచ్చులో ఎంత అందంగా ఉన్నా కంప్యూటర్‌కు అది తెలుగు కాదు. ఒక చిన్న పరీక్ష చేయండి. మీ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి వస్తే, గూగుల్‌కు కనిపించేదీ అదే. అలాంటి వ్యాసాన్ని ఎంత ఖరీదైన వేదిక మీద పెట్టినా 'కాకతీయుల నీటిపారుదల' అని వెతికేవాళ్లకు దొరకదు.

యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలో, కంపోజ్ చేయడం మొదటి మెట్టు. మండలి, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసుకుంటే ఒత్తులు విడిపోకుండా వస్తాయి. అయినా పని పూర్తికాదు. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా ఒక్కోసారి వత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి, ఎందుకంటే పీడీఎఫ్ అక్షరాన్ని కాక దాని ఆకారాన్ని దాస్తుంది. అందువల్ల తెలుగు వ్యాసానికి పీడీఎఫ్‌తో పాటు హెచ్‌టీఎమ్‌ఎల్ రూపం కూడా పెట్టండి. ఫోన్‌లో చదవడానికీ అదే హాయి, మన పాఠకుల్లో ఎక్కువమంది చదివేది ఫోన్‌లోనే. ఓజేఎస్, జేన్‌వే రెండూ ఒకే వ్యాసానికి రెండు రూపాలనూ పక్కపక్కన చూపిస్తాయి. తెలుగు జర్నల్‌కు డీస్పేస్ ఒక్కటే చాలదని నేననడానికి ఇదీ ఒక కారణం.

శీర్షిక, సారాంశం, కీలకపదాలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఇవ్వాలి. రచయిత పేరు రోమన్ లిపిలో ప్రతి సంచికలో ఒకేలా ఉండాలి. ఒకసారి ఇంటిపేరు ముందు, ఇంకోసారి పొడి అక్షరాలు వెనక పెడితే ఒకే మనిషి ముగ్గురు రచయితలైపోతారు. ఓర్కిడ్ సంఖ్య తప్పనిసరి చేస్తే ఈ బాధ తగ్గుతుంది. పాత అను ఫైళ్లు మీ దగ్గరుంటే పారేయకండి, వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాలి. ఎంఏ తెలుగు విద్యార్థులకు కొంత పారితోషికం ఇచ్చి చేయించదగ్గ పని ఇది.

## ఏ దారైనా తప్పని ఖర్చులు, నియమాలు

డీఓఐ కోసం క్రాస్‌రెఫ్ సభ్యత్వం కావాలి. చిన్న ప్రచురణకర్తకు ఏడాదికి రెండు మూడు వందల డాలర్ల పరిధిలో ఉంటుంది, పైన కొత్త వ్యాసానికి ఒక డాలరు. నేపాల్, బంగ్లాదేశ్ లాంటి దేశాలకు 2023 నుంచి ఈ రుసుములు లేవు, మనం ఆ జాబితాలో లేం. ఇక్కడే లైబ్రరీ అవసరం బాగా తెలుస్తుంది. లైబ్రరీ ఒక్క సభ్యత్వం తీసుకుంటే విశ్వవిద్యాలయంలోని అన్ని జర్నళ్లకూ చెల్లుతుంది. డిపార్ట్‌మెంట్లు ఎవరికి వారు కట్టుకుంటే అదే డబ్బు నాలుగైదు సార్లు పోతుంది. సైటు చిరునామా మారినప్పుడు క్రాస్‌రెఫ్‌లో కొత్త లింకులు మార్చడం కూడా సభ్యుడి బాధ్యతే, డీఓఐ తీసుకున్నంత మాత్రాన లింకు తనంతట తాను సరికాదు.

డీఓఏజేలో చేరడానికి ఫీజు లేదు, కానీ నియమాలు గట్టివి. ఏడాదికి కనీసం ఐదు పరిశోధన వ్యాసాలు రావాలి. కొత్త జర్నల్ అయితే ఏడాదికి పైగా నడిచి ఉండాలి, లేదా పది వ్యాసాలైనా వేసి ఉండాలి. సంపాదకులు, సంపాదకవర్గ సభ్యులు, సమీక్షకులు రచయితలుగా ఉన్న వ్యాసాలు ఒక సంచికలో 25 శాతం దాటకూడదు. మన డిపార్ట్‌మెంట్ జర్నళ్లు ఎక్కువగా తడబడేది ఈ చివరి నియమం దగ్గరే. వేదిక ఏదైనా, బయటి రచయితలను పిలిచే ఓపిక సంపాదకుడికి లేకపోతే ఈ నియమం దగ్గర గట్టెక్కలేరు. రుసుము తీసుకోకపోయినా సరే, 'రుసుము లేదు' అని సైటులో రాసి ఉండాలి.

లైసెన్స్ విషయంలో నా ఓటు క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై 4.0కే. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు, పాఠ్యపుస్తకంలో చేర్చుకోవచ్చు. సాహిత్య వ్యాసాలు రాసేవాళ్లు కొందరు "నా వ్యాసాన్ని ఎవరో పుస్తకంగా అమ్ముకుంటే?" అని భయపడతారు. వాళ్ల భయం న్యాయమైనదే, వాళ్ల కోసం వాణిజ్యేతర లైసెన్స్ ఇవ్వొచ్చు. రెండింటిలోనూ కాపీరైట్ రచయిత దగ్గరే ఉండనివ్వండి. కాపీరైట్ రాసిచ్చేయమనే పాత ఫారాలు ఇంకా వాడుతుంటే మార్చండి.

ప్లేజియరిజం (రచనా చౌర్యం) పరిశీలనకు విశ్వవిద్యాలయ లైబ్రరీల జాతీయ నెట్‌వర్క్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌శుద్ధి పథకం కింద విశ్వవిద్యాలయాలకు సాఫ్ట్‌వేర్ అందుతోంది, విడిగా కొనక్కర్లేదు. అచ్చు కాపీలు కూడా వేసేవాళ్లకు, పత్రికలా రిజిస్టర్ చేయించాలా అని ఇంకో సందేహం ఉంటుంది. 2023 నాటి ప్రెస్, పీరియాడికల్స్ రిజిస్ట్రేషన్ చట్టం శాస్త్ర, సాంకేతిక, విద్యాసంబంధ జర్నళ్లను పీరియాడికల్ నిర్వచనం నుంచి మినహాయించింది.

భద్రత కోసం ఓజేఎస్ వాడేవాళ్లకు పీకేపీ (పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్) ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ఉచితం. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉండి, ఒక వ్యాసమైనా ప్రచురించి ఉంటే ప్లగిన్ ఆన్ చేసి చేరవచ్చు. ఇంత సులువైన పనిని చాలామంది చేయడం లేదు. మిగతా వేదికల వాళ్లు ప్రతి సంచికనూ సంస్థ రిపాజిటరీలో కూడా పెట్టాలి.

## మీ పరిస్థితిని బట్టి

జర్నల్ ఒకటే, సిబ్బంది లేరు, ఐటీ అండ లేదు. డిగ్రీ కాలేజీలు, కొత్త విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఈ స్థితిలో ఉంటాయి. సొంత సర్వర్ జోలికి వెళ్లొద్దు. దగ్గర్లోని పెద్ద విశ్వవిద్యాలయ లైబ్రరీ ఓజేఎస్ నడుపుతుంటే అందులో మీ జర్నల్‌కు చోటడగండి, ఒక ఇన్‌స్టాలేషన్ మీద పది జర్నళ్లు నడపడం వాళ్లకు పెద్ద భారం కాదు. అది కుదరకపోతే రూపాయల్లో హోస్టింగ్.

నాలుగైదు డిపార్ట్‌మెంట్ జర్నళ్లున్న స్టేట్ యూనివర్సిటీ. సొంత ఓజేఎస్‌కు ఇదే సరైన చోటు. లైబ్రరీలో ఒకరిని, కంప్యూటర్ సెంటర్‌లో ఒకరిని పేరుపెట్టి నియమించాలి. అన్ని జర్నళ్లనూ ఒకేసారి ఎక్కించకండి. క్రమంగా వస్తున్నదాన్ని, సంపాదకుడికి ఆసక్తి ఉన్నదాన్ని మొదట తీసుకోండి. ఆరు నెలలకో సంచిక అని ప్రకటించి రెండేళ్లకోటి తెచ్చే జర్నల్‌ను ఆన్‌లైన్‌లో పెడితే ఆ ఆలస్యం ఇప్పుడు ప్రపంచమంతా చూస్తుంది. దానికంటే ఏడాదికి ఒక సంచిక అని నిజాయితీగా ప్రకటించడం మంచిది.

ఐటీ బృందం ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, జాతీయ సంస్థలు. ఓజేఎస్, జేన్‌వే రెండూ పరీక్షించి చూడొచ్చు. వీళ్ల మీద నాకు ఇంకో ఆశ ఉంది. తమ జర్నళ్లతో ఆగకుండా చుట్టుపక్కల కాలేజీలకూ చోటిస్తే బాగుంటుంది. లాటిన్ అమెరికాలో ఓపెన్ యాక్సెస్ జర్నల్ వేదికలు సైయెలో 1990ల చివర నుంచి, రెడాలిక్ 2003 నుంచి ఇలా ఉమ్మడిగా నడిపే అలవాటు పెంచాయి. అక్కడ రచయిత దగ్గర డబ్బు తీసుకోని జర్నళ్లు అన్ని ఉండటానికి ఆ ఉమ్మడి ఏర్పాటే పెద్ద కారణం.

యాభై ఏళ్ల అచ్చు సంచికలున్న పాత జర్నల్. రెండు పనులుగా విడదీయండి. పాతవి స్కాన్ చేసి డీస్పేస్‌లోకి, కొత్తవి ఓజేఎస్‌లోకి. పాత వ్యాసాలకు డీఓఐ తొందరేం లేదు. పాతవాటికి రుసుము వ్యాసానికి 15 సెంట్లే కాబట్టి తీరిగ్గా ఇచ్చుకోవచ్చు. పాత సంచికలు పూర్తయ్యాకే కొత్తవి మొదలుపెడదాం అనుకుంటే మాత్రం ఎప్పటికీ మొదలుకాదు.

## మొదటి కాగితం

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేకంటే ముందు లైబ్రరీకి, డిపార్ట్‌మెంట్‌కి మధ్య ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. జర్నల్ పేరు, డొమైన్ విశ్వవిద్యాలయానివని అందులో ఉండాలి. వ్యాసాల ఎంపిక, సమీక్షకుల వెతుకులాట, గడువు సంపాదకుడి పని. సర్వర్, డీఓఐ, మెటాడేటా, బ్యాకప్, డీఓఏజే దరఖాస్తు లైబ్రరీ పని. కాపీ ఎడిటింగ్, కంపోజింగ్ ఎవరు చేస్తారో, డబ్బు ఏ హెడ్ నుంచి వస్తుందో స్పష్టంగా రాయాలి, ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే. సంపాదకుడు మారితే అడ్మిన్ లాగిన్ వారంలోగా కొత్తవారికి ఇవ్వాలి. లాగిన్ ఈమెయిల్ కూడా వ్యక్తిది కాకుండా పదవి పేరుతో ఉన్న సంస్థ ఈమెయిల్ కావాలి. వరుసగా రెండేళ్లు సంచిక రాకపోతే జర్నల్‌ను 'ఆగిపోయింది' అని గుర్తించి, వ్యాసాలను మాత్రం తీసేయకుండా అలాగే అందుబాటులో ఉంచుతామని లైబ్రరీ రాసివ్వాలి. దీని మీద రిజిస్ట్రార్ సంతకం తీసుకున్నాకే సర్వర్‌కు ఇండెంట్ పెట్టండి.